డగ్లస్ ఆత్మకథ ఎలా చదవాలి? అతను మాట ఆపుకున్న చోట మొదలుపెట్టండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. డిగ్రీ వరకు తెలుగు మాధ్యమంలో చదివి ఇప్పుడు ఎం.ఏ. ఇంగ్లిష్‌లో చేరారు. అమెరికాలో బానిసగా పుట్టి, పారిపోయి బయటపడిన ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో ప్రచురించిన ఆత్మకథ మీకు పాఠ్యాంశం. గైడులోని సంగ్రహం కంఠతా వచ్చింది. అయినా వ్యాసం రాయడానికి కూర్చుంటే "కష్టాలు పడ్డాడు, చదువు నేర్చుకున్నాడు, పారిపోయాడు, స్వేచ్ఛ పొందాడు" అన్నదాన్ని దాటి కలం కదలడం లేదు. తెలుగులో చదివి సరిపెట్టుకోవచ్చా అని కూడా అడిగారు.

ముందు సూటిగా జవాబు చెబుతాను. గైడు పక్కన పెట్టండి. మూలంలో చివరిదైన 11వ అధ్యాయం మొదటి రెండు మూడు పేరాలు ముందు చదవండి. తరువాత మొదటికి వచ్చి పుస్తకమంతా ఒకే ప్రశ్న పట్టుకుని చదవండి: ఇతను ఎక్కడ మాట ఆపుకున్నాడు, ఎవరి కోసం ఆపుకున్నాడు? మూలం 125 పేజీలే. రోజుకు ఒక అధ్యాయం చొప్పున రెండు వారాల్లో తీరిగ్గా పూర్తవుతుంది.

ఈ సలహా వెనుక ఒక కథ ఉంది. సుమారు పాతికేళ్లు పీజీ తరగతులకు ఈ పుస్తకం చెప్పాను. మొదటి ఏడెనిమిదేళ్లు నేనూ గైడులాగే కథ చెప్పుకుంటూ పోయాను. ఒక మధ్యాహ్నం ఒక విద్యార్థిని స్పైరల్ బైండింగ్ చేయించిన జిరాక్సు ప్రతి పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. "సార్, షాపు అతను కొన్ని పేజీలు వదిలేసినట్టున్నాడు. పారిపోయిన భాగం నా దగ్గర లేదు" అంది. పేజీ సంఖ్యలు చూశాం, వరుసగానే ఉన్నాయి. ఆ భాగం ఏ ప్రతిలోనూ ఉండదమ్మా అని చెప్పాను. చెబుతుండగానే నాకు తట్టింది. బానిసత్వం నుంచి పారిపోయిన మనిషి కథ అని ఇన్నేళ్లుగా చెబుతున్నాను, కానీ పుస్తకంలో పారిపోవడమే లేదన్న సంగతిని తరగతిలో ఒక్కసారీ ఎత్తలేదు.

1838 సెప్టెంబర్ 3న సంకెళ్లు వదిలి, ఏ ఆటంకమూ లేకుండా న్యూయార్క్ చేరానని మాత్రమే రాశాడు. ఏ దారిన వెళ్లాడు, ఏ వాహనం ఎక్కాడు, ఎవరు సాయం చేశారు అన్నవి చెప్పనని ముందే ప్రకటించి, కారణాలు కూడా ఇచ్చాడు. చెబితే సాయపడినవాళ్లు చిక్కుల్లో పడతారు. బానిసల యజమానులు మరింత అప్రమత్తమై, వెనుక వచ్చేవాళ్లకు ఆ తలుపు మూసేస్తారు. పారిపోయేవాళ్లను దాటించే రహస్య దారుల గురించి బాహాటంగా గొప్పలు చెప్పుకునేవాళ్లను అక్కడే మందలించాడు కూడా. భూగర్భ రైలుమార్గం అని పిలుచుకునేదాన్ని మీరు అందరి కళ్లముందూ నడిచే రైలుగా మార్చేశారు అన్నాడు. యజమానిని చీకట్లోనే ఉంచండి, అడుగడుగునా కనపడని శత్రువు పొంచి ఉన్నాడని వాడే భయపడనివ్వండి అన్నది అతని మాటల సారాంశం.

అసలు సంగతి 1881లో గాని చెప్పలేదు. నావికుడి వేషం వేసుకుని, ఒక నావికుడి గుర్తింపు పత్రం అరువు తీసుకుని, బాల్టిమోర్‌లో రైలు కదిలే సమయానికి ఎక్కాడు. ముందే టికెట్ కొనడానికి వెళ్తే కాగితాలు నిదానంగా పరీక్షిస్తారు. ఆ పత్రంలోని వర్ణన అతనికి సరిపోదు, అందులో ఉన్నది అతనికన్నా బాగా నల్లటి మనిషి. కండక్టరు కాగితం మీద అధికార చిహ్నంగా ఉన్న గద్ద బొమ్మను చూసి ముందుకు వెళ్లిపోయాడు. ఇంత ఉత్కంఠ ఉన్న ఘట్టాన్ని, పుస్తకం అమ్ముడుపోవడానికి పనికొచ్చే ఘట్టాన్ని, 43 ఏళ్లు కడుపులో దాచుకున్నాడు. ఈ ఒక్క విషయం మీద మీరు రెండు పేజీలు రాయగలరు. ఏ గైడూ ఆ పని మీకు చేసిపెట్టదు.

ఇప్పుడు మొదటి అధ్యాయానికి రండి. ఒక తెల్లకాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు పేరు చెప్పినవాళ్లు, కుడివైపు పేరు దాచినవాళ్లు. చదువుతూ నింపుకుంటూ వెళ్లండి. ఎడమవైపు త్వరగా నిండుతుంది. మొదటి యజమాని కెప్టెన్ ఆంథొనీ, పెద్ద భూస్వామి కల్నల్ లాయిడ్, డెంబీ అనే బానిసను కాల్చి చంపిన ఓవర్సీరు ఆస్టిన్ గోర్, తరువాతి యజమానులైన థామస్, హ్యూ ఆల్డ్ సోదరులు, మొండి బానిసలను లొంగదీస్తాడని పేరుపడ్డ రైతు ఎడ్వర్డ్ కోవే. హింసించినవాళ్ల ఊరు, పేరు, హోదా అన్నీ ఉంటాయి. కుడివైపు చూడండి. బాల్టిమోర్‌లో రొట్టెముక్కలు తీసుకుని తనకు అక్షరాలు నేర్పిన తెల్ల పిల్లల పేర్లు చెప్పాలని ఉంది, కానీ వాళ్లకు ఇబ్బంది, చెప్పను అంటాడు. ఫిల్‌పాట్ వీధిలో ఓడలు కట్టే చోటికి దగ్గర్లో ఉండేవాళ్లు అని మాత్రం అంటాడు. నలభైమందికి పైగా బానిసలకు ఆదివారాలు చదువు చెప్పిన ఇల్లు ఒక స్వతంత్ర నల్లజాతీయుడిది. అతని పేరూ చెప్పడు.

"మరి తోటి బానిస శాండీ జెంకిన్స్ పేరు, 1836లో కలిసి పారిపోవాలనుకున్న హ్యారిస్ సోదరుల పేర్లు చెప్పాడు కదా" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్న. ఆ పథకం అప్పటికే బయటపడింది, హ్యారిస్ సోదరులు జైలుకు కూడా వెళ్లారు, యజమానులకు తెలియనిది అందులో ఏమీ మిగల్లేదు. ఇలా మినహాయింపులను కూడా పరీక్షించుకుంటూ వెళితే, ఆ కాగితమే మీ వ్యాసానికి వెన్నెముక అవుతుంది.

పేర్లు చెప్పడం అతనికి ఊరికే రాలేదు. పుస్తకం 1845 మే నెలలో బోస్టన్‌లో వెలువడింది. అప్పటికి చట్టం దృష్టిలో అతను ఇంకా థామస్ ఆల్డ్ ఆస్తి. అసలు పేరు ఫ్రెడరిక్ బెయిలీ అని, మేరీలాండ్‌లోని టాల్బట్ కౌంటీలో పుట్టానని, ఫలానావాళ్ల దగ్గర ఉన్నానని అచ్చు వేయించడమంటే పట్టుకునేవాళ్లకు చిరునామా ఇచ్చినట్టే. అందుకే ఆగస్టులో ఓడ ఎక్కి బ్రిటన్ వెళ్లిపోయాడు. అక్కడి మిత్రులు 150 పౌండ్లు పోగుచేసి, 1846 డిసెంబర్‌లో అతని స్వేచ్ఛను కొనిపెట్టారు.

అంత ప్రమాదం నెత్తిన పెట్టుకోవడానికి కారణం ఉంది. 1841 నుంచి బానిసత్వ వ్యతిరేక సభల్లో మాట్లాడుతున్న అతన్ని విని, ఇంత చక్కని ఇంగ్లిష్ మాట్లాడేవాడు నిన్నటిదాకా బానిస అంటే నమ్మలేమని జనం అనసాగారు. వివరాలు లేకపోతే అబద్ధమంటారు, వివరాలు ఇస్తే పట్టుకుంటారు. పుస్తకం ముందు బానిసత్వ వ్యతిరేక ఉద్యమ నాయకులైన గారిసన్ ముందుమాట, వెండెల్ ఫిలిప్స్ లేఖ ఎందుకున్నాయో, పేరుపేజీ మీద "తానే స్వయంగా రాసినది" అన్న మాట ఎందుకుందో ఈ ఇరకాటం తెలిస్తే బోధపడుతుంది. నల్లవాడి మాటకు తెల్లవాళ్లు హామీ సంతకం చేయవలసిన రోజులవి. విద్యార్థులు సాధారణంగా ఈ ముందుమాటలు వదిలేస్తారు. మీరు వదలకండి.

తరువాత జరిగింది ఇంకా ఆసక్తికరం. థాంప్సన్ అనే ఆయన, ఆ బానిస నాకు తెలుసు, అతను ఇలాంటి పుస్తకం రాయలేడు అని పత్రికకెక్కాడు. డగ్లస్ కోప్పడలేదు. మీరు ఎరిగిన ఆ బానిసను నేనేనని ఒప్పుకున్నందుకు ధన్యవాదాలు, నా కథకు మీరే సాక్షి అని జవాబిచ్చాడు.

ఇక తెలుగులో చదవడం గురించి. ముందు తెలుగులో చదివి భయం పోగొట్టుకోవడంలో తప్పు లేదు. కానీ మన మాటల దగ్గర జాగ్రత్త. "బానిస" అన్న మాటను మనం ఎంత తేలికగా వాడుతున్నామో గమనించండి. మందుకు బానిస, సెల్‌ఫోనుకు బానిస అంటాం. "యజమాని" అన్న మాట అయితే మనకు గౌరవవాచకం, దరఖాస్తు ఫారంలో కుటుంబ యజమాని అని రాస్తాం. ఆ మాటలతో ఈ పుస్తకం చదివితే దాని బరువులో సగం జారిపోతుంది. విరుగుడుగా 8వ అధ్యాయం చదవండి. ఆంథొనీ చనిపోయాక ఆస్తి పంచుకోవడానికి విలువ కడతారు. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు అందరినీ గుర్రాలు, గొర్రెలు, పందుల వరసలోనే నిలబెట్టి ధర కట్టారు. బానిస అంటే ఇక్కడ అర్థం అదీ. మొదటి అధ్యాయంలో కొరడా దెబ్బలు తిన్న "ఆంట్" హెస్టర్ కూడా తెలుగులో "అత్త" కాదు. ఆమె తల్లి చెల్లెలు, పిన్ని. ఆ ఒక్క మాట సరిగ్గా పడితే, అది చూసి చిన్న అరలో దాక్కున్న ఆ పసివాడి భయం మనకు ఎంత దగ్గరవుతుందో చూడండి. అందుకే అర్థం కోసం తెలుగు చదివినా, వ్యాసం మాత్రం మూలం ముందు పెట్టుకునే రాయండి.

మూలాన్ని ఎలా చదవాలంటే, ఒక వాక్యం పట్టుకుని దాని దగ్గరే కూర్చోండి. నేను ప్రతి ఏడూ తరగతిలో చేసినది చెబుతాను. 5వ అధ్యాయంలో చిన్నప్పటి చలి గురించి రాశాడు. ఏడాదికి రెండు ముతక చొక్కాలు తప్ప ప్యాంటు లేదు, చెప్పులు లేవు, పక్క లేదు. మొక్కజొన్నలు మోసే గోనెసంచి ఒకటి దొంగిలించి, అందులో తల దూర్చి, పాదాలు బయటపెట్టి మట్టినేల మీద పడుకునేవాడు. ఆ పాదాలు చలికి ఎంత పగిలాయంటే, ఇప్పుడు రాస్తున్న ఈ కలం ఆ పగుళ్లలో పెట్టవచ్చు అంటాడు.

ఆ వాక్యం చదివి, అందరినీ తమ పెన్ను చేతిలోకి తీసుకుని దాని మందం చూడమనేవాణ్ణి. ఒకసారి వెనుక బెంచీలోంచి ఒక అబ్బాయి, "నాట్లు అయిపోయాక మా అమ్మ మడమల పగుళ్లలో అగ్గిపుల్ల పడుతుంది సార్" అన్నాడు. తరగతి నిశ్శబ్దమైపోయింది. కాసేపటికి అడిగాను: పగులు ఎంత ఉందో చెప్పడానికి వేలు అనవచ్చు, నాణెం అనవచ్చు, అతను కలమే ఎందుకు తీసుకున్నాడు? జవాబు ఆ అబ్బాయే చెప్పాడు. "ఆ కాళ్లు, ఈ చెయ్యి ఒకరివే అని చూపించడానికి." అంతకన్నా మంచి జవాబు నేను ఏ విమర్శగ్రంథంలోనూ చూడలేదు. చదవడమే నేరమైన పిల్లవాడి పాదం, రాస్తున్న 27 ఏళ్ల మనిషి చెయ్యి ఒకే వాక్యంలో కలిశాయి. పేరుపేజీ మీది "తానే స్వయంగా" అన్న మాటకు ఇంతకన్నా రుజువు ఏం కావాలి?

చదువే విముక్తి అని తేల్చేసి ఆగిపోకండి. అందరూ చేసే పొరపాటు ఇదే. బాల్టిమోర్ ఇంటి యజమానురాలు సోఫియా ఆల్డ్ అక్షరాలు నేర్పుతుంటే భర్త హ్యూ ఆపేశాడు. చదువు వస్తే వీడు బానిసగా పనికిరాడు అన్నాడు. యజమాని నోటి నుంచే స్వేచ్ఛకు దారి తెలిసిందని 6వ అధ్యాయంలో డగ్లస్ అంటాడు. గైడు ఇక్కడితో ఆగుతుంది. 7వ అధ్యాయం చదవండి. చదవడం వరం కాదు శాపమేమో అనిపించిందని రాశాడు. తాను పడి ఉన్న గొయ్యి ఎంత లోతో చదువు చూపించింది, ఎక్కడానికి నిచ్చెన మాత్రం ఇవ్వలేదు. ఏమీ తెలియని తోటి బానిసలను చూసి అసూయపడ్డానని, జంతువునైనా బాగుండేదని అనుకున్నానని ఒప్పుకున్నాడు. మన ఇళ్లలో మొదటి తరం చదువుకున్నవాళ్లకు ఈ పేరా ఎవరూ వివరించనక్కరలేదు. తమ ఊరు, తమ ఇల్లు కొత్తగా కనబడి నిద్ర పట్టని రాత్రులు వాళ్లకు తెలుసు.

పైగా పుస్తకానికి కీలకమైన మలుపు అక్షరం వల్ల రాలేదు. 1834 ఆగస్టులో కోవే మీద తిరగబడటం వల్ల వచ్చింది. మనిషిని బానిసగా ఎలా మార్చారో చూశారు, బానిస మనిషిగా ఎలా మారాడో ఇక చూస్తారు అనే ప్రసిద్ధ వాక్యం ఆ ఘట్టానికి ముందుమాట. ఇంగ్లిష్‌లో ఆ వాక్యాన్ని పైకి చదవండి, పదాలు అటుదిటు తిరగబడటం చెవికి తెలుస్తుంది. ఆ రెండు గంటల పెనుగులాట తరువాత, పేరుకు ఎంతకాలం బానిసగా ఉన్నా, నిజంగా బానిసగా ఉండే రోజు గడిచిపోయిందని నిశ్చయించుకున్నానని రాశాడు. చట్టప్రకారం స్వేచ్ఛ వచ్చింది ఆ తరువాత 12 ఏళ్లకు.

న్యూయార్క్ చేరాక కూడా సంబరం కొద్దిసేపే. ఎవరిని నమ్మాలో తెలియక, ఆకలితో, ఇళ్ల మధ్య ఇల్లు లేక తిరిగాడు. న్యూ బెడ్‌ఫర్డ్‌లో ఓడల సందులు పూడ్చే తన పనికి వెళితే, నల్లవాడితో కలిసి చేయమని తెల్ల పనివాళ్లు అన్నారు. చేతికి దొరికిన కూలిపనల్లా చేశాడు. "స్వేచ్ఛ పొందాడు" అన్న మీ సంగ్రహంలోని చివరి ముక్క ఎంత ఇరుకో ఇక్కడ తెలుస్తుంది.

సమయం ఉంటే 1855లో అతను రాసిన రెండో ఆత్మకథలో కోవే ఘట్టం ఒక్కటి చదవండి. అందులో కారొలైన్ అనే బానిస స్త్రీ, డగ్లస్‌ను పట్టుకోమని కోవే ఆజ్ఞాపిస్తే నిరాకరిస్తుంది. 1845 నాటి ఘట్టంలో ఆమె సాహసం కనబడదు. ఇంకో సవరణ కూడా ఉంది. అమ్మమ్మను ముసలితనంలో అడవిలో గుడిసె వేసి వదిలేశారని మొదటి పుస్తకంలో ఆమె యజమానులను నిందించాడు. 1849లో థామస్ ఆల్డ్‌కు బహిరంగ లేఖ రాస్తూ, ఆ విషయంలో మీకు అన్యాయం చేశానని ఒప్పుకున్నాడు. ఆత్మకథ ఒకసారి రాసి ముగించేది కాదని అతనికి తెలుసు.

స్త్రీల సంగతి వచ్చింది కాబట్టి, మీ కాగితంలో కుడివైపు ఇంకో గడి పెట్టుకోండి. కాబోయే భార్య ఆనా చివరి అధ్యాయంలో ఉన్నట్టుండి ప్రత్యక్షమవుతుంది. ఆమె స్వతంత్రురాలని అడుగున ఒక చిన్న గమనిక, తరువాత వివాహ ధ్రువీకరణ పత్రం, అంతే. అతను పారిపోవడానికి సాయం చేసినవాళ్లలో ఆమె ఉంది. ఈ మౌనం ఆమెను కాపాడటానికా, మగవాడి ఒంటరి విజయంగా కథ నిలబడటానికా? నేను రెండూ అంటాను. మీరు విభేదించవచ్చు, కానీ కారణం రాయండి. ఈ లోటు తెలియాలంటే, తానూ బానిసత్వం నుంచి బయటపడిన హ్యారియట్ జేకబ్స్ 1861లో మారుపేరుతో ప్రచురించిన ఆత్మకథ పక్కన పెట్టి చూడాలి. ఆమె బానిసత్వం లేని ఉత్తరాదికి వెంటనే పారిపోలేదు. పిల్లలకు దగ్గరగా ఉండటానికి అమ్మమ్మ ఇంటి అటకమీద, నిలబడటానికి వీల్లేని చోట, దాదాపు ఏడేళ్లు దాక్కుంది. డగ్లస్‌కు స్వేచ్ఛ అంటే కదిలిపోవడం, జేకబ్స్‌కు చాలాకాలం అది కదలకుండా ఉండటం.

ఒక హెచ్చరిక. మన వెట్టిచాకిరీతో పోల్చి రాయాలని మీకు అనిపిస్తుంది. నాకు ఆ కోరిక అర్థమవుతుంది, నా తరగతిలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు లేచి అడిగేవారు. పోల్చండి, కానీ తేడా దాచకండి. అమెరికాలో మనిషి చట్టబద్ధంగా అమ్ముడుపోయే సొత్తు, తల్లి బానిస అయితే తండ్రి ఎవరైనా బిడ్డ బానిసే. మన దగ్గర కులం ఆ పనిని వేరే పద్ధతిలో చేసింది. పోలిక కావాలంటే చరిత్రలో ఉన్న లంకె పట్టుకోండి. జోతిరావ్ ఫూలే 1873లో తన "గులాంగిరీ"ని, నల్లవారి బానిసత్వాన్ని తొలగించడానికి త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. అది ఆయన ఊహ కాదు, మొదటి పేజీలో అచ్చయిన మాట.

పరీక్ష దగ్గర పడుతోంది అన్నారు. పదకొండు అధ్యాయాల కథా చెప్పకుండా, ఈ మూడింట్లో ఒకటి ఎంచుకోండి: 11వ అధ్యాయంలోని మౌనం, కలం పట్టే పాదం, 6వ 7వ అధ్యాయాల మధ్య ఘర్షణ. దాని చుట్టూ మాత్రమే రాయండి. మీ ఇంగ్లిష్ సాదాగా ఉన్నా ఫరవాలేదు. వందల జవాబు పత్రాలు దిద్దిన అనుభవంతో చెబుతున్నాను, ఎవరూ చూడని ఒక వాక్యాన్ని చూసిన విద్యార్థి పత్రం దగ్గర పరీక్షకుడి చెయ్యి ఆగుతుంది. ఈ వారంలో ఆ రెండు నిలువుల కాగితం నింపి ఇక్కడే పెట్టండి. కుడివైపు ఎన్ని పేర్లు తేలాయో చూసి, వ్యాసం ఎక్కడ మొదలుపెట్టాలో కలిసి తేల్చుకుందాం.